గ్యాస్ కట్టేశానా? ఓసీడీ చికిత్సలో నా అనుభవం

మా బాబు తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నా ఫోన్ తీసుకుని, "అమ్మా, స్టోరేజ్ నిండిపోయింది, అక్కర్లేని ఫొటోలు తీసేస్తున్నా" అన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. కాసేపటికి చప్పుడు చేయకుండా వచ్చి పక్కన నిలబడి ఫోన్ నా ముందు పెట్టాడు. స్క్రీన్ నిండా చిన్న చిన్న గళ్లలో ఒకటే బొమ్మ. ఎర్ర సిలిండర్, దాని మీద రెగ్యులేటర్, ఆఫ్ వైపు తిప్పి ఉన్న నాబ్. పైకి జరిపినకొద్దీ అదే. మూడు వేల ఎనిమిది వందల పైచిలుకు. "ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు. వాడి గొంతులో వేళాకోళం లేదు, భయం ఉంది. నా భయాన్ని పదకొండేళ్లు మోశాను గానీ, వాడి భయాన్ని ఒక్క పూట కూడా చూడలేకపోయాను. డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఆ రోజే అనుకున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. తెనాలిలో కాపురం, పక్క ఊళ్లో ఉద్యోగం. పొద్దున్నే వంట, ముగ్గురికీ క్యారేజీలు, ఎనిమిదింపావుకి బయల్దేరాలి. నా పొద్దు మాత్రం ఏడున్నరకే స్టవ్ దగ్గర ఆగిపోయేది. నాబ్ తిప్పేదాన్ని. తిప్పాక చూసేదాన్ని. చూశాక ముట్టుకునేదాన్ని. ముట్టుకున్నప్పుడు పొరపాటున మళ్లీ ఆన్ అయిందేమోనని మళ్లీ చూసేదాన్ని. ఫొటో తీసుకుని తాళం వేసి, ఆ తాళాన్ని ఏడుసార్లు లాగి ఆటో ఎక్కితే, రైల్వే గేటు దాటేలోపే ఆలోచన వచ్చేది: ఈ ఫొటో ఇవాళ్టిదేనా, నిన్నటిదా? ఫొటో మీద టైము కనిపిస్తూనే ఉంటుంది. అయినా సరిపోయేది కాదు. ఆటో దిగి వెనక్కి వెళ్లేదాన్ని. ఒక ఏడాది పదో తరగతి పరీక్షల డ్యూటీకి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లి మెమో అందుకున్నాను. కారణం ఏమని రాయాలో తెలియక జ్వరం అని రాశాను.

సంభావ్యత పాఠం పిల్లలకు నేనే చెబుతాను. ఇల్లు కాలిపోయే అవకాశం ఎంత తక్కువో నాకు తెలుసు. ఈ జబ్బులో తెలివికేం లోటు ఉండదు. తెలిసీ ఆగలేకపోవడమే అందులోని నరకం.

ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావని ఇప్పుడు చాలామంది అడుగుతారు. మన ఇళ్లలో దీనికి ముందే ఒక పేరుంది, చాదస్తం. మా నాయనమ్మ మడి గట్టుకుంటే ఎవరి నీడా పడనిచ్చేది కాదు, తడి బట్టని పదిసార్లు జాడించేది. నన్ను చూసి మా అమ్మ, "అచ్చం మా అత్తగారి పోలికే, అదే చాదస్తం" అనేది. ముద్దుగానే అనేది. స్టాఫ్ రూంలో "మేడంగారు చాలా జాగ్రత్త మనిషి" అనేవాళ్లు. జాగ్రత్త అని మెచ్చుకుంటుంటే అది జబ్బని ఎవరనుకుంటారు? నాయనమ్మది ఆచారమో, ఆవిడా నాలాగే లోపల కుమిలిపోయిందో ఇప్పుడు తెలిసే దారి లేదు. ఆవిడ చేతులు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉండేవన్నది మాత్రం గుర్తుంది.

మొదట నాకు నేనే బాగుచేసుకోవాలని చూశాను. పాజిటివ్ థింకింగ్ వీడియోలు వందల కొద్దీ చూశాను. చెడు ఆలోచన రాగానే దాన్ని మంచి ఆలోచనతో కొట్టెయ్యమన్నారు. "ఇల్లు కాలిపోతుంది" అనిపిస్తే "ఇల్లు చల్లగా ఉంది" అని మూడుసార్లు అనుకోవడం మొదలుపెట్టాను. పది రోజుల్లో అదే ఇంకో తంతు అయి కూర్చుంది. మూడోసారి అనేటప్పుడు మనసు పక్కకు పోతే మళ్లీ మొదటికి రావాలి. ఉన్న నాబ్ చాలదన్నట్టు నోటికి కూడా ఒక పని పడింది. ఆ వీడియోలు చేసినవాళ్లది చెడు ఉద్దేశం కాదు. నా జబ్బుకి మాత్రం అవి ఎరువు వేశాయి.

తర్వాత ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆరుసార్లు. ప్రతిసారీ నా చేయి పట్టుకుని, "ఏం కాదమ్మా, మీ ఇల్లు భద్రంగా ఉంది, మీరు చాలా బాధ్యత గల మనిషి" అనేవారు. బయటికి వచ్చేటప్పుడు దూదిలా తేలిగ్గా ఉండేది. సాయంత్రానికి ఆ మాట కరిగిపోయేది. ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి వదలమని మణికట్టుకి రబ్బరు బ్యాండు కూడా ఇచ్చారు. చెయ్యి కందిపోయింది, ఆలోచన ఉన్నచోటే ఉంది. కౌన్సెలర్ అని బోర్డు తగిన అర్హత లేనివాళ్లు కూడా పెట్టుకుంటుంటారనీ, క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలనీ, ఆ నంబరు అడగడం తప్పు కాదనీ నాకు అప్పటికి తెలీదు.

ఫొటోల సంగతి బయటపడిన రోజు రాత్రి పదకొండున్నరకి టెలీ మానస్‌కి ఫోన్ చేశాను. 14416. మనసు బాధలు చెప్పుకోవడానికి 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు. పేరు చెప్పాల్సిన అవసరం రాలేదు. మేడ మెట్ల మీద కూర్చుని గొంతు తగ్గించి అంతా చెప్పాను. అవతలి అమ్మాయి మధ్యలో అడ్డు రాలేదు. చివర్లో, "మీరు చెప్పిన దాన్ని బట్టి సైకియాట్రిస్టుకి చూపించుకోవాలండీ, దీనికి వైద్యం ఉంది" అంది. వైద్యం ఉందన్న మాట నాతో ఎవరైనా అనడం అదే మొదటిసారి.

విజయవాడలో సైకియాట్రిస్టు మా ఆయన్నీ, నన్నూ విడివిడిగా అడిగి, ఇరవై నిమిషాల్లో తేల్చారు. ఓసీడీ. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే వద్దన్నా అదే ఆలోచన వస్తూ, దాన్ని చల్లార్చుకోవడానికి అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. సెర్ట్రలిన్ అనే మాత్ర 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా 150 దాకా పెంచారు. డిప్రెషన్‌కి ఇచ్చే దానికన్నా దీనికి సాధారణంగా ఎక్కువ మోతాదు పడుతుందనీ, గుణం కనిపించడానికి పది పన్నెండు వారాలు పట్టొచ్చనీ ముందే చెప్పారు. చెప్పబట్టే ఆగాను. మొదటి పది రోజులు వికారం, విరేచనాలు, నిద్ర లేదు. రెండు నెలలు దాటాక ఆలోచనల జోరు కొంత తగ్గింది. రేడియో సౌండు తగ్గించినట్టు తగ్గింది గానీ ఆగలేదు. ఆయనే చీటీ మీద క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి రాసిచ్చారు. "మాత్ర మీకు ఊపిరి తీసుకునే సందు ఇస్తుంది. ఆ సందులో నేర్చుకోవాల్సింది అక్కడుంది" అన్నారు.

ఆ సైకాలజిస్టు నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను టీచర్‌గారూ అనేది, నేను మేడం అనేదాన్ని. మొదటి రెండుసార్లు ప్రశ్నలే. యేల్-బ్రౌన్ స్కేలు అని పది ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. నలభైకి నాకు 27 వచ్చాయి. 24 నుంచి 31 దాకా తీవ్రమైన కోవ అని చెప్పింది. నేను సిగ్గుతో తల దించుకుంటే, "టీచర్‌గారూ, పీరియడ్ అయిపోతే గంట కొడతారు కదా. మిగతావాళ్లకి నాబ్ తిప్పగానే లోపల ఆ గంట మోగుతుంది, అయిపోయింది అని. మీకు మోగట్లేదు. మోగేదాకా కూర్చుందామని చూస్తున్నారు. మనం ఇక్కడ గంట మోగించుకోవడం నేర్చుకోం. మోగకపోయినా లేచి వెళ్లడం నేర్చుకుంటాం" అంది.

ఆ చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్పీ. భయపెట్టే దానికి కావాలని ఎదురెళ్లాలి, వెళ్లాక భయం తగ్గించుకోవడానికి అలవాటుగా చేసే పని చెయ్యకూడదు. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన లండన్‌లో ఇద్దరు రోగుల్ని ఇలాగే తంతు చెయ్యనివ్వకుండా ఆపి మెరుగుపరిచాడట, అక్కడి నుంచి పెరిగిన పద్ధతి. ఇంకో సంగతి కూడా చెప్పింది. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు పరిశీలిస్తే, ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో కూడా ఎక్కువమందికి ఇలాంటి ఆలోచనలే వస్తాయని తేలిందట. వాళ్లు పట్టించుకోరు, మనం పట్టుకుంటాం. ఈ ఒక్క మాటకి నేను ఆ గదిలో చాలాసేపు ఏడ్చాను. నా తలలో ఏదో పురుగుందని ఇన్నేళ్లూ అనుకున్నాను మరి.

లాంగ్ నోట్‌బుక్‌లో ఒక నిచ్చెన గీయించింది. ఏ పనికి ఎంత భయం, సున్నా నుంచి వంద దాకా అంకె వెయ్యాలి. తాళం ఒక్కసారే లాగడం 35. నాబ్ ఒక్కసారే తిప్పి వీధి చివరిదాకా వెళ్లి రావడం 60. ఫొటో లేకుండా బడికి వెళ్లడం 80. "మా ఇల్లు కాలిపోవచ్చు" అని పైకి అనడం 95. మొత్తం పద్నాలుగు మెట్లు.

60 అని రాసిన మెట్టు గురించి చెబుతాను, అది మర్చిపోలేను. ఆ రోజు ఆవిడ వీడియో కాల్‌లో ఉంది. నాబ్ పట్టుకున్నాను. తిప్పాను. చేతికి టక్కుమని తెలిసింది. "చెయ్యి తీసెయ్యండి, వెనక్కి తిరగండి" అంది. నా వేళ్లు నాబ్ మీదే ఉన్నాయి. వెచ్చగా, కాస్త జిడ్డుగా ఉంది. ఆ జిడ్డు మీద నా వేలిముద్ర కనిపిస్తోంది. తీసేశాను. తాళం ఒకసారి లాగి, వీధి చివర పాల బూత్ పక్కనున్న అరుగు మీద కూర్చున్నాను. అంకె అడిగింది. 85 అన్నాను. నేను రాసుకున్న 60 ఎక్కడో పోయింది. అయిదు నిమిషాలకి 90. అప్పుడు నిజంగానే నా ముక్కుకి గ్యాస్ వాసన వచ్చింది. ఇంటికి నూట యాభై గజాల దూరంలో! "మేడం, వాసన వస్తోంది, నేను వెళ్తాను" అన్నాను. "వస్తోందేమో" అంది. అంతే. రావట్లేదని అనలేదు, ఏం కాదని అనలేదు. ఆ క్షణంలో ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. పాల బూత్ అబ్బాయి మంచినీళ్లిచ్చాడు. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. పావుగంటకి 90. ఇరవై అయిదు నిమిషాలకి 70. ఎందుకు తగ్గిందో నాకు తెలీదు, నేనేం చెయ్యలేదు. నలభై నిమిషాలకి 45. అప్పుడు లేచి ఇంటికి వెళ్లాను. వెళ్లాక కూడా నాబ్ వైపు చూడకూడదు. నేరుగా పడగ్గదిలోకి వెళ్లి పడుకున్నాను.

అలా వారంలో అయిదు రోజులు, అదే పని. చదివేవాళ్లకి చిన్నదిగా కనిపిస్తుందని తెలుసు. నాకది ప్రసవం నాటి కష్టం కన్నా ఎక్కువ.

నాకన్నా కష్టం మా ఆయనకి పడింది. ఇన్నేళ్లూ నేను "కట్టానా?" అంటే "కట్టావు, నేను చూశాను" అనేవారు. ఆఫీసు మధ్యలో బండి మీద ఇంటికెళ్లి చూసొచ్చి ఫోన్ చేసేవారు. అలసట ముఖం మీద కనిపించనిచ్చేవారు కాదు. నాలుగో సెషన్‌కి ఆయన్ని పిలిచి, "సార్, మీరు ఇచ్చే ధైర్యం జబ్బుకి తిండి. ఇకనుంచి అడిగితే, ఏమో తెలీదు అనండి" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ సాయం చేస్తున్నాననుకున్నానండీ" అన్నారు. గొంతు పూడుకుపోయింది. అది సాయమే, ప్రేమతో చేసిందే, కాకపోతే జబ్బు దాన్ని వాడుకుందని ఆవిడ నచ్చజెప్పింది.

ఆ రాత్రి పదకొండింటికి నేను అడిగాను. "ఏమో" అన్నారు, గోడ వైపు తిరిగి. మళ్లీ అడిగాను. "ఏమో." మూడోసారికి నేను నోటికొచ్చినట్టు తిట్టాను. పెళ్లయిన పదహారేళ్లలో అనని మాటలు అన్నాను. ఆయన లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు గానీ ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఇద్దరం తెల్లవారేదాకా మేలుకునే ఉన్నాం. ఇంట్లో ఎవరైనా ఈ చికిత్స తీసుకుంటుంటే దయచేసి ఆ ఇంటివాళ్లని కూడా ఎవరైనా పలకరించండి. వాళ్ల కష్టం గురించి అడిగేవాళ్లు ఉండరు.

నిచ్చెన పై మెట్టు దగ్గర నేను ఇంచుమించు మానేశాను. "మా ఇల్లు కాలిపోయింది, కారణం నేనే" అని రెండు నిమిషాల కథ రాసి, నా గొంతుతోనే రికార్డు చేసుకుని రోజూ వినాలి. నేను వణికిపోయాను. అశుభం పలకకూడదని పెరిగినదాన్ని. అసురసంధ్య వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, ఏమంటే అదే అవుతుందని మా అమ్మ నోరు మూయించేది. "ఇది మతం మీద పరీక్ష అయితే నేను చెయ్యను మేడం" అని గట్టిగానే అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. "మీ దేవుణ్ని ముట్టుకోను. మీరు గుడికెళ్లి వచ్చాక మనసు నిమ్మళంగా ఉంటుందా, ఇంకోసారి దణ్ణం పెట్టాలనిపిస్తుందా?" అని అడిగింది. ఇంకోసారి పెట్టాలనే ఉంటుంది. ప్రదక్షిణలు లెక్క తప్పాయేమోనని మళ్లీ మొదలుపెట్టిన రోజులున్నాయి. నా భక్తిలో ఎంత భక్తో ఎంత జబ్బో నేనే విడదీసుకోవాలని ఆ రోజు అర్థమైంది. రెండు వారాలు గడువు అడిగి, ఒప్పుకున్నాను.

మా అత్తగారు, "ఆ పాడు మాటలు ఇంట్లో వినపడనివ్వకమ్మా" అన్నారు. ఆవిడ మాటకి ఎదురు చెప్పలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని డాబా మీద వినేదాన్ని. మొదటి వారం మధ్యాహ్నాలు, తర్వాత సరిగ్గా దీపాలు పెట్టే వేళ. మొదటి సాయంత్రం విని కిందికి దిగేసరికి కాళ్లు ఆనలేదు. నాలుగో రోజు వాంతి చేసుకున్నాను. పన్నెండో రోజు అనుకుంటాను, వింటూ వింటూ పక్క డాబా మీద వాళ్లు వడియాలు ఎత్తడం మర్చిపోయారని గమనించాను. పిలిచి చెప్పాను. చెప్పాక తట్టింది, చెవిలో నా ఇల్లు కాలిపోతోంది, నేను వడియాల సంగతి చూస్తున్నాను. నా గొంతు పాఠం చదువుతున్నట్టు వినిపించింది. అంకె 20.

కృష్ణా నది దాటుతూ రైల్లోంచి వేసే నాణెం మాత్రం చివరిదాకా మిగిలింది. తెనాలి నుంచి విజయవాడ ప్యాసింజర్‌లో దుగ్గిరాల, పెదవడ్లపూడి, కృష్ణా కెనాల్ దాటితే వంతెన. ఎడమ వైపు ప్రకాశం బ్యారేజీ, ఇంద్రకీలాద్రి. బోగీలో సగంమంది దణ్ణం పెడతారు, కొందరు నాణెం వేస్తారు. అందరిలా వేస్తే బాధ లేదు. నాకు అది నీళ్లలోనే పడాలి, వంతెన ఇనుముకి తగలకూడదు, తగిలిందేమోనని అనుమానం వస్తే ఇంకోటి వెయ్యాలి, లేకపోతే బాబుకి ఏదో అవుతుంది. ఒక్కోసారి చికిత్సకి వెళ్తూ పదిహేను రూపాయలు వేసిన రోజులున్నాయి. పదిహేడో సెషన్‌కి వెళ్తూ అయిదు రూపాయల నాణెం గుప్పిట్లో పెట్టుకుని దణ్ణం మాత్రం పెట్టాను. వంతెన అయిపోయింది. గుప్పిట తెరిస్తే అరచేతిలో నాణెం అచ్చు దిగి ఉంది. సెషన్ అయ్యేదాకా బాబుకి ఫోన్ చెయ్యకూడదన్నది షరతు. చెయ్యలేదు.

పద్దెనిమిది సెషన్లు, ఒక్కోటి వెయ్యి రూపాయలు. మందులు, ప్రయాణాలు వేరే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీరం జబ్బులతో సమానంగా మనసు జబ్బులకీ బీమా ఇవ్వాలి. నా పాలసీలో మాత్రం ఆస్పత్రిలో చేరితేనే డబ్బొస్తుంది, ఓపీ ఖర్చు రాదు. వెయ్యి ఇవ్వలేని ఇళ్లు నా బళ్లోనే ఎన్నో ఉన్నాయి. ఆ తల్లులు ఎక్కడికి పోవాలి? ఇది తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

చివరిసారి స్కేలు వేస్తే 11 వచ్చింది. సున్నా కాదు. మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, 100కి తగ్గించారు, నా అంతట నేను మానను. బాబు ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్లిన వారం మళ్లీ తిరగబెట్టింది. రెండు రోజులు వరసగా ఆటో దిగి వెనక్కి వెళ్లాను. మూడో రోజు మేడంకి ఫోన్ చేస్తే, నోట్‌బుక్ తీసి 35 నుంచి మళ్లీ మొదలుపెట్టమంది. పెట్టాను. మూడు వారాలు పట్టింది.

పోయిన నెల ఇద్దరం తిరుపతి వెళ్లాం. ఇల్లు నాలుగు రోజులు తాళం. రైలు బాపట్ల దాటాక మా ఆయన వేరుశెనక్కాయలు వలుస్తూ ఉన్నట్టుండి, "గ్యాస్ కట్టావా?" అన్నారు. అని, నాలిక కరుచుకున్నారు. ఆయన ముఖం చూస్తే, ఎవరినో కొట్టిన పిల్లాడిలా ఉంది. నాకు కడుపులో చల్లగా ఏదో దిగింది, 50 ఉంటుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మామూలు మనుషులకి కూడా వస్తుందంటే ఇదేనన్నమాట.

"ఏమో" అన్నాను.

ఆయన కాసేపు నన్నే చూసి, వలిచిన గింజలు నా చేతిలో పోశారు. చీరాలలో ఇడ్లీ పొట్లాలు కొనుక్కున్నాం.